నాన్న ఒక్క జీతంతో నడిచిన సంసారం, మన రెండు జీతాలతో ఎందుకు నడవడం లేదు?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మీకు 38 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 88 వేలు వస్తుంది. మీ శ్రీమతి ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి లెక్కలు చెబుతారు, జీతం 22 వేలు, పీఎఫ్ లేదు. ఇద్దరు పిల్లలు. నిజాంపేటలో 22 వేల అద్దె. మీ నాన్నగారు నరసరావుపేట దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో అవే లెక్కలు చెప్పి, ఒక్క జీతంతో ముగ్గురు పిల్లల్ని చదివించారు. 1988లో స్థలం కొని ఇల్లు కట్టారు. ఇప్పటికీ పింఛను తీసుకుంటున్నారు. "పేదవాడికి పథకాలు, గొప్పవాడికి రాయితీలు, మధ్యలో మేం నలిగిపోతున్నాం. ఇది నిజమా, మా భ్రమా? 95 లక్షల ఫ్లాట్ ఒకటి చూశాం, కొనమంటారా?" అని అడిగారు.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ కాలం అప్పులు ఇచ్చే సీట్లోనే గడిచింది. మొదట గుంటూరు జిల్లాలోని చిన్న బ్రాంచీల్లో, తర్వాత హైదరాబాద్‌లో. జీతం స్లిప్పులు, ఫారం-16లు, స్థలం కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూడటమే నా పని. అందుకే మీ ప్రశ్నకు పొడుగ్గా జవాబు చెప్పాలనిపించింది.

నలిగిపోతున్నామన్నది నిజమే. కానీ మీరు చెప్పిన కారణాల్లో ఒకటి సరైనది, ఇంకొకటి కాదు. అన్నిటికంటే పెద్ద కారణం మీ ఇంట్లోనే ఉంది, మీరు దాన్ని ప్రశ్నలో రాశారు కూడా. మీ నాన్నగారూ, మీ శ్రీమతీ చేసింది ఒకే పని. అదే పదో తరగతి, అవే లెక్కలు. ఆయనకు స్కేలు, డీఏ (ధరలతో పాటు పెరిగే కరువు భత్యం), జీపీఎఫ్ (ప్రభుత్వ ఉద్యోగుల భవిష్య నిధి), సెలవులు, పింఛను ఉన్నాయి. ఆవిడకు 22 వేలు ఉంది, అంతే. ఆవిడ తక్కువ చదివి కాదు, తక్కువ కష్టపడి కాదు. పని అదే ఉండగా దాని చుట్టూ ఉన్న భద్రత అంతా తీసేశారు. మధ్యతరగతి కుంగిపోవడం అంటే ఎక్కువగా ఇదే.

అంకెల్లోకి వెళ్లే ముందు ఒక విషయం, కాస్త చేదుగా ఉంటుంది. అసమానతలను లెక్కగట్టే పరిశోధన సంస్థ వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ తరఫున నితిన్ కుమార్ భారతి, లూకాస్ ఛాన్సెల్, థామస్ పికెటీ, అన్మోల్ సోమంచి కలిసి 2024 మార్చిలో మన దేశం మీద ఒక అధ్యయనం విడుదల చేశారు. పన్ను లెక్కలు, సర్వేలు, ధనికుల జాబితాలు కలిపి వేసిన అంచనా అది. 2022-23లో దేశంలోని పెద్దవాళ్లను ఆదాయం ప్రకారం వరుసగా నిలబెడితే, పైనున్న 10 శాతానికి మొత్తం ఆదాయంలో 57.7 శాతం వెళ్తోంది. మధ్యలో ఉన్న 40 శాతానికి 27.3 శాతం. కింది సగానికి 15 శాతం. మధ్యలోని ఆ 40 శాతం మనుషుల సగటు ఆదాయం ఒక్కొక్కరికి ఏడాదికి సుమారు 1.65 లక్షలు, అంటే నెలకు 14 వేల లోపు. ఏడాదికి 2.9 లక్షలు దాటితే చాలు, మనిషి పై 10 శాతంలో చేరినట్టే.

మీ ఇద్దరి ఆదాయం ఏడాదికి 13.2 లక్షలు, తలకు 6.6 లక్షలు. లెక్క ప్రకారం మీరు మధ్యలో లేరు, పైన ఉన్నారు. మీ శ్రీమతి ఒక్కరి జీతం తీసుకుంటే, ఆవిడ అసలు మధ్యతరగతి మనిషి. ఔట్‌సోర్సింగ్‌లో కంప్యూటర్ ఆపరేటరు, షోరూంలో సేల్స్‌గర్ల్, ల్యాబ్ టెక్నీషియన్, సొంత ఆటో నడిపే మనిషి, వీళ్లందరూ ఆ వరుసలోనే ఉంటారు. ఒకప్పుడు ఇదే చదువున్నవాళ్లకు కరెంటు ఆఫీసులోనో ఆర్టీసీలోనో పర్మనెంటు ఉద్యోగం దొరికే అవకాశం ఉండేది. ఇప్పుడు అదే ఆఫీసులో, అదే కుర్చీలో కాంట్రాక్టు మనిషి కూర్చుంటున్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం ఆప్కాస్ అని ప్రత్యేకంగా ఒక కార్పొరేషనే పెట్టాల్సి వచ్చింది, అంతమంది ఉన్నారు.

మిమ్మల్ని చిన్నబుచ్చడానికి ఇది చెప్పలేదు. పై 10 శాతంలో ఉన్న కుటుంబమే నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలక ఇబ్బంది పడుతుంటే, మధ్యలో ఉన్నవాళ్ల సంగతి ఏమిటో ఒకసారి ఆలోచించమని చెప్పాను.

ఇప్పుడు మీ నాన్నగారి జీతం సంగతి. ఆయన జీతం స్లిప్పులో కనిపించని ఆదాయం చాలా ఉంది. ముగ్గురు పిల్లలూ ఆయన బడిలోనే చదివారని రాశారు. కాలేజీలో కట్టిన ఫీజు నామమాత్రం అయి ఉంటుంది. స్థలం కొన్నది జీపీఎఫ్ అప్పుతో. పింఛను ఇప్పుడు డీఏతో కలిపి 50 వేల దాకా వస్తోందన్నారు, ధరలు పెరిగే కొద్దీ అదీ పెరుగుతుంది. ఆయన తర్వాత అమ్మగారికి ఫ్యామిలీ పెన్షన్ ఉంటుంది.

ఆ పింఛనును ఈ రోజు మీరు సొంతంగా కొనుక్కోవాలనుకోండి. నెలకు 50 వేలంటే ఏడాదికి 6 లక్షలు. రిటైరయ్యాక 20 ఏళ్లు బతుకుతామని, దాచిన డబ్బు మీద వచ్చే రాబడి పెరిగే ధరలకు సరిపోతుందని అనుకుంటే, నేటి విలువలో 1.2 కోట్లు కావాలి. ధరల పెరుగుదల 6 శాతం, దాచిన సొమ్ము మీద రాబడి 8 శాతం అనుకుందాం. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి 30 ఏళ్లు దాస్తే, నేటి విలువలో నెలకు 24 వేల పైచిలుకు పక్కన పెట్టాలి, అది కూడా ప్రతి ఏడూ ధరలతో పాటు పెంచుకుంటూ. 38 ఏళ్లకు మొదలుపెట్టి 60కి ఆపితే నెలకు 36 వేల పైచిలుకు. మీ కంపెనీ కడుతున్న ఈపీఎఫ్ ఉంది కదా అంటారేమో. 15 వేల జీతం పరిమితి మీద కట్టే ఈపీఎస్‌లో (ఈపీఎఫ్‌తో పాటు ఉండే పింఛను పథకం) ఇప్పటి సూత్రం ప్రకారం 35 ఏళ్ల సర్వీసుకు వచ్చే పింఛను నెలకు 7,500 దగ్గర ఆగుతుంది. దానికి డీఏ లేదు. మీ నాన్నగారి తర్వాతి తరం ప్రభుత్వ టీచర్లకే ఆ పాత పింఛను లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లంతా సీపీఎస్‌లోకి (ఉద్యోగి కూడా జీతంలోంచి వాటా కట్టే పింఛను పథకం) వెళ్లారు.

మీరు రాసిన ఖర్చులే తీసుకుని లెక్క వేశాను. 1.10 లక్షల్లోంచి ఇద్దరి స్కూలు ఫీజులూ బస్సూ కలిపి నెలకు 20 వేలు, అద్దె 22 వేలు, ఆరోగ్య బీమా 2,500, తక్కువలో తక్కువ వేసుకున్న పింఛను పొదుపు 24 వేలు తీసేయండి. మిగిలేది 41,500. మీ నాన్నగారి జీతంతో పోల్చాల్సింది ఈ 41,500నే, 1.10 లక్షలను కాదు. ఇద్దరు పనిచేసి సంపాదించే ఆ డబ్బులోంచి కిరాణా, పెట్రోలు, కరెంటు, పెళ్లిళ్లు, అమ్మానాన్నల మందులు, పిల్లల పై చదువులు అన్నీ గడవాలి. పింఛను పొదుపు మీరు చేయడం లేదు కాబట్టి ఇప్పటికి నెట్టుకొస్తున్నారు. ఆ లోటు ఎక్కడికీ పోలేదు, మీ 60వ ఏట మీ ముందుకొచ్చి నిలబడుతుంది. నా టేబుల్ ముందు కూర్చున్న చాలా కుటుంబాలకు ఈ లెక్క ఎవరూ వేసి చూపించలేదు. అందుకే ఇంత వివరంగా రాశాను.

ఇక సంపద. ఆదాయం కంటే ఇక్కడ దూరం చాలా ఎక్కువ. అదే అధ్యయనం ప్రకారం దేశ సంపదలో 40.1 శాతం పై 1 శాతం చేతిలో ఉంది. మధ్యలోని 40 శాతం మందికి 28.6 శాతం, కింది సగం జనాభాకు 6.4 శాతం. 1980ల మొదట్లో దేశ ఆదాయంలో పై 1 శాతం వాటా 6 శాతం దగ్గర ఉండేది, 2022-23కి అది 22.6 శాతానికి చేరింది. ఇంత మార్పు ఒక్క తరంలో జరిగింది.

ఎలా జరిగిందంటే, జీతం నడిచిన వేగం వేరు, ఆస్తి నడిచిన వేగం వేరు. 2004 మొదట్లో 6 వేల దగ్గరున్న షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 2024 సెప్టెంబరులో 85 వేలు దాటింది. పెద్ద ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరే ఇంజినీరు జీతం 2010 ప్రాంతంలో ఏడాదికి 3 లక్షల పైచిలుకు. పదిహేనేళ్ల తర్వాత కూడా చాలామందికి అది 3 నుంచి 4 లక్షల మధ్యే ఉంది. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లలో రెండింతలవుతాయి. అంటే అదే అంకె ఉన్నా ఆ జీతం విలువ సగానికి పడిపోయింది. 2004లో షేర్లో భూమో ఉన్నవాడు కదలకుండా కూర్చున్నా పైకి వెళ్లాడు. పని తప్ప ఏమీ లేనివాడు పరుగెత్తుతూ ఉన్నచోటే ఉన్నాడు.

మన రాష్ట్రాల్లో ఆస్తి అంటే ముందు భూమి. 2019 నాటి జాతీయ నమూనా సర్వేలో దేశంలోని కుటుంబాల ఆస్తిలో భూమి, ఇళ్లే గ్రామాల్లో 91 శాతం, పట్టణాల్లో 87 శాతం ఉన్నట్టు తేలింది. కాబట్టి ఎవరి తాతకు ఎక్కడ ఎంత భూమి ఉందన్నది ఇప్పటికీ పని చేస్తోంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీళ్లు పారిన పొలాల మిగులు చదువులకు, రైసు మిల్లులకు, సినిమాలకు, తర్వాత హైదరాబాద్‌కు, అక్కడి నుంచి అమెరికాకు వెళ్లింది. నీళ్లు పారని ఊళ్లలో, పొలం లేని కులాల్లో పుట్టినవాళ్లు సున్నా నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. వాళ్లకు ఉన్న ఒకే నిచ్చెన ప్రభుత్వ బడి, ప్రభుత్వ ఉద్యోగం. మీ నాన్నగారు ఎక్కింది ఆ నిచ్చెనే. దాని మెట్లు తగ్గిపోతే ఎక్కువ నష్టం ఎవరికో వేరే చెప్పక్కర్లేదు.

హైదరాబాద్ సంగతి చూద్దాం. 2023 ఆగస్టులో నగర శివారు కోకాపేటలోని నియోపోలిస్ లేఅవుట్ భూముల వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. ఎకరానికి 4,840 గజాలు, అంటే గజం 2 లక్షల పైనే. ఆ వేలానికీ నిజాంపేటలో మీరు చూసిన ఫ్లాట్‌కీ సంబంధం ఏమిటంటారా? అక్కడి ధర చూసి పక్క ఊరివాడు ధర పెంచుతాడు, అతన్ని చూసి ఆ పక్కవాడు. వేలం వేసింది ప్రభుత్వ సంస్థే కాబట్టి అదే మార్కెట్ ధర అయిపోతుంది. ఒకప్పుడు ఇదే ప్రభుత్వం తక్కువ ఆదాయం వాళ్లకు ఎల్ఐజీ, మధ్యతరగతికి ఎంఐజీ ఇళ్లు కట్టి ఇచ్చింది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ అలా పుట్టిందే. విశాఖలో ఎంవీపీ కాలనీ వుడా (విశాఖ నగరాభివృద్ధి సంస్థ) వేసిన లేఅవుట్. క్లర్కులు, టీచర్లు, ఫ్యాక్టరీ కార్మికులు ఇలాంటిచోట్ల వాయిదాల మీద ఇంటివాళ్లయ్యారు. ఇప్పుడు ప్రభుత్వం ఇల్లు కట్టి ఇవ్వడం కంటే భూమి అమ్ముకుని ఖజానా నింపుకోవడం మీద ఎక్కువ ఆధారపడుతోంది. ఈ మార్పు మీద మన దగ్గర జరగాల్సినంత చర్చ జరగలేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆ ఫ్లాట్ కోసం మీరు ఎవరితో పోటీ పడుతున్నారో కూడా చూడండి. మీ దగ్గర ఉన్నది పన్ను కట్టగా మిగిలిన జీతం, దాని మీద బ్యాంకు అప్పు. మీ పక్కన నిలబడ్డవాడికి డాలర్లు ఉండొచ్చు. 2004లో 45 రూపాయలున్న డాలరు 2024 చివరికే 85 దాటింది. ఇంకొకాయన శివారులో పొలం అమ్మి వచ్చి ఉండొచ్చు. మున్సిపాలిటీ హద్దుల నుంచి చట్టం చెప్పిన దూరం దాటిన సాగుభూమి అయితే ఆ లాభం మీద పన్నే లేదు. మరొకాయన "సగం వైట్, సగం బ్లాక్" అనే బేరానికి వెంటనే ఒప్పుకుంటాడు. జీతగాడి దగ్గర బ్లాక్ ఎక్కడుంటుంది? అందుకే ఆ బేరంలో ఎప్పుడూ వెనక్కి తగ్గేది మీరే. శివారు రైతులందరూ కోటీశ్వరులయ్యారని మాత్రం అనుకోవద్దు. చాలామంది ముందే, ఎకరం లక్షల్లో ఉన్నప్పుడే అమ్మేశారు. వాళ్ల పిల్లలు అదే నేల మీద లేచిన టవర్ల దగ్గర డ్రైవర్లుగా, సెక్యూరిటీగా పనిచేయడం నేను చూశాను. లాభం మధ్యలో కొని పెట్టుకున్నవాళ్లకు, ముందుగా సమాచారం ఉన్నవాళ్లకు పోయింది.

"గొప్పవాడికి రాయితీలు" అన్న మీ మాట ఇక్కడ సరిపోతుంది. 2019 సెప్టెంబరులో కేంద్రం కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి, కొత్తగా పెట్టే తయారీ కంపెనీలకు 15 శాతానికి తగ్గించింది. 2023-24కి వచ్చేసరికి వ్యక్తులు కట్టిన ఆదాయపు పన్ను సుమారు 10.4 లక్షల కోట్లు, కంపెనీలు కట్టింది సుమారు 9.1 లక్షల కోట్లు. వ్యక్తుల పన్నులో చిన్న వ్యాపారులు, వృత్తి నిపుణులు కట్టేది కూడా ఉంది, అయినా దిశ ఏమిటో తెలుస్తోంది. ఏడాదికి మించి ఉంచుకున్న షేర్లు అమ్మితే వచ్చే లాభం మీద పన్ను 12.5 శాతం, పై శ్లాబులో జీతం మీద 30 శాతం.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది వారసత్వం సంగతి. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ (చనిపోయినవాళ్లు వదిలి వెళ్లిన ఆస్తి మీద పన్ను) 1953లో వచ్చింది, 1985లో పోయింది. సంపద పన్ను 1957లో వచ్చింది, 2015 బడ్జెట్‌లో పోయింది. ఇప్పుడు తాత నుంచి మనవడికి వంద కోట్లు చేరినా ఆ చేరడం మీద పైసా పన్ను లేదు. ఆ పన్నులు ఎత్తేసినవాళ్ల వాదనలో కొంత నిజం ఉంది. సంపద పన్ను 2013-14లో తెచ్చింది వెయ్యి కోట్ల పైచిలుకే, వసూలు ఖర్చులు, కోర్టు కేసులు వేరే. కానీ అది తక్కువ వసూలైంది సంపద లేక కాదు. షేర్లను దాని పరిధిలోంచి తీసేసి, బంగారం, కార్లు, ఖాళీ స్థలాల మీద వేస్తే అంతే వస్తుంది. ఇప్పుడు షేర్లు దాదాపు అన్నీ డీమ్యాట్ (కాగితం లేని కంప్యూటర్ ఖాతా)లో ఉన్నాయి, రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లలో ఉన్నాయి, పాన్ అన్నిటికీ ముడిపడి ఉంది. చాలా పెద్ద వారసత్వాల మీద మాత్రమే, అనేక కోట్లు దాటాక మాత్రమే ఒక పన్ను ఉండాలని నేను నమ్ముతాను. మీ నాన్నగారి ఇల్లు ఆ లెక్కలోకి రాదు, రాకూడదు కూడా. ఈ మాట ఎత్తగానే "మా అమ్మ పుస్తెలతాడు లాక్కుంటారా" అని భయపెడుతుంటారు. ఆ భయం నిజంగా ఎవరిని కాపాడుతోందో ఆలోచించండి.

పేదవాడి పథకాల మాట దగ్గర మీతో నేను ఏకీభవించను. 4 వేల పింఛను తీసుకునే ముసలావిడ మీ పిల్లల స్కూలు ఫీజు పెంచలేదు, మీ ఫ్లాట్‌కు పోటీ రాలేదు. ఆవిడ ఆ డబ్బు సాయంత్రానికల్లా కిరాణా కొట్లోనో మందుల షాపులోనో ఖర్చు పెడుతుంది. పథకాలను తప్పుపట్టాలంటే వేరేచోట పట్టాలి. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధునే చూడండి. ఎకరానికి సీజనుకు 4 వేలతో మొదలై 5 వేలైంది. పరిమితి లేకపోవడంతో ఎంత ఎక్కువ భూమి ఉంటే అంత ఎక్కువ డబ్బు అందింది. ఆ పొలం నిజంగా దున్నిన కౌలు రైతుకు ఏమీ రాలేదు. పేదల పేరు చెప్పి ఆస్తిపరులకు వెళ్లిన డబ్బది. ఇంకో సమస్య, డబ్బు చేతికిచ్చి బడినీ ఆసుపత్రినీ వదిలేస్తే, ఆ డబ్బు తిరిగి ప్రైవేటు ఫీజులకే పోతుంది. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచి ఎన్నో ప్రాణాలు కాపాడింది, అందులో సందేహం లేదు. కానీ జిల్లా ఆసుపత్రిలోనే మంచి వైద్యం దొరికితే కార్డు ఉన్నవాడికీ, లేని మీకూ ఇద్దరికీ పనికొచ్చేది. మీకూ పేదవాడికీ అవసరం ఒకటే అయినప్పుడు ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకోవడం వల్ల లాభపడేది మూడోవాడు.

ఈ ఒత్తిడి బ్యాంకు కౌంటర్లో ఎలా కనిపిస్తుందో చెబుతాను. నేను చేరిన కొత్తలో జీతగాళ్లు ఇంటి కోసమో స్కూటరు కోసమో అప్పుకు వచ్చేవాళ్లు. రిటైరయ్యే నాటికి జూన్‌లో బడులు తెరిచే ముందు గాజులు, నెక్లెసులు కుదువకు రావడం మామూలైపోయింది. పాత పర్సనల్ లోను తీర్చడానికి కొత్త పర్సనల్ లోను, క్రెడిట్ కార్డు కనీస బకాయి కట్టడానికి ఇంకో యాప్‌లో అప్పు. రిజర్వు బ్యాంకు లెక్కల్లో 2022-23లో కుటుంబాల నికర ఆర్థిక పొదుపు జీడీపీలో 5 శాతం దగ్గరకు పడిపోయింది, కొన్ని దశాబ్దాల్లో అంత తక్కువ లేదు. 2023 నవంబరులో రిజర్వు బ్యాంకు బ్యాంకుల రిస్కు వెయిటును (అప్పు మునిగితే ఆదుకోవడానికి బ్యాంకు ఎంత మూలధనం ఉంచాలో చెప్పే కొలత) పర్సనల్ లోన్ల మీద 100 నుంచి 125 శాతానికి, క్రెడిట్ కార్డుల మీద 125 నుంచి 150 శాతానికి పెంచిందంటే, ఈ అప్పులు చూసి దానికీ టెన్షన్ పట్టుకున్నట్టే.

జీతంతో పైకి రాలేమని తేలిపోయాక కుర్రాళ్లు ఆప్షన్ ట్రేడింగ్‌కు, అంటే షేర్ల ధర రేపు ఎటు వెళ్తుందో అన్నదాని మీద పందెం లాంటి వ్యాపారానికి వెళ్తున్నారు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన లెక్క ప్రకారం 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్)లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. అవతలి వైపు లాభపడిందేమో పెద్ద సంస్థలు, విదేశీ ఫండ్లు, వాటి కంప్యూటర్ ప్రోగ్రాములు. చిన్నవాళ్ల జేబులోంచి పెద్దవాళ్ల జేబులోకి సొమ్ము ఇంత నేరుగా వెళ్లే దారి నేనెక్కడా చూడలేదు. మీ ఇంట్లో ఎవరైనా దాంట్లో ఉంటే ముందు ఆపించండి.

మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇవన్నీ చేసినా పైన చెప్పిన అసమానత తగ్గదు, అది ప్రభుత్వ విధానంతోనే తగ్గాలి. మీ కుటుంబం ఒక్క దెబ్బకు కింద పడకుండా మాత్రం ఇవి ఆపుతాయి. మొదటిది టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బొచ్చే జీవిత బీమా), మీ ఏడాది ఆదాయానికి పదింతలైనా. మనీ బ్యాక్, ఎండోమెంట్ పాలసీలు వద్దు. రెండోది కంపెనీ ఇచ్చిన దానితో సరిపెట్టుకోకుండా సొంత ఆరోగ్య బీమా. ఉద్యోగం పోయిన నెలలోనే జబ్బు చేసిన ఇళ్లను చూశాను. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు, అంతకుముందు ఆరోగ్య బీమాకు, టర్మ్ పాలసీకి 18 శాతం ఉండేది. మూడోది, ఆరు నెలల ఖర్చు విడిగా డిపాజిట్‌లో ఉంచండి. ఆ తర్వాతే వాలంటరీ పీఎఫ్ (మన ఇష్టంతో అదనంగా కట్టే పీఎఫ్), ఇండెక్స్ ఫండ్లు (సెన్సెక్స్ లాంటి సూచీ వెంట నడిచే ఫండ్లు). నెలకు 36 వేలు మీకు సాధ్యం కాదు, నాకు తెలుసు. 12 వేలతో మొదలుపెట్టి జీతం పెరిగినప్పుడల్లా సగం పెంపుదల అక్కడ వేయండి.

మీ శ్రీమతి విషయంలో ఒక మాట. 20 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే స్కూలు ఈపీఎఫ్ పరిధిలోకి వస్తుంది. నెల జీతం 15 వేలు దాటినవాళ్లను మొదటిసారి చేర్చుకునేటప్పుడు మినహాయించే వెసులుబాటు యాజమాన్యాలకు ఉంది, దాన్ని చాలామంది వాడుకుంటారు. ఆవిడ మొదట చేరినప్పటి జీతం ఎంతో, అంతకుముందు ఎక్కడైనా పీఎఫ్ ఖాతా ఉందేమో చూడండి. ఉంటే అడిగే హక్కు ఆవిడకు ఉంది. ఆవిడ ఒక్కరే అడిగితే యాజమాన్యం ఆవిడకు బయటికి దారి చూపిస్తుంది. నలుగురు టీచర్లు కలిసి అడిగితే మాట వింటుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో నీళ్ల ట్యాంకర్ కోసం ఏకమయ్యే మనం, స్కూలు ఫీజుల నియంత్రణ కోసం, టీచర్ల జీతాల కోసం, పక్కనున్న ప్రభుత్వ బడిలో ఖాళీలు నింపడం కోసం ఎమ్మెల్యే దగ్గరికి ఎందుకు వెళ్లమో నాకు ఎప్పటికీ అర్థం కాదు. పిల్లల్ని ఆ బడిలో వేయకపోయినా, ఆ బడి బాగుంటేనే ప్రైవేటు ఫీజులకు కళ్లెం పడుతుంది.

చివరిగా ఫ్లాట్. 95 లక్షల్లో మీరు 20 లక్షలు పెట్టి 75 లక్షలు అప్పు తెస్తామన్నారు. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు ఈఎంఐ 65 వేలు, మీ ఇద్దరి జీతంలో 59 శాతం. నేను ఇప్పుడు సీట్లో ఉంటే ఆ అప్పు మంజూరు చేయను. వడ్డీ ఇలాగే ఉంటుందనీ అనుకోవద్దు. 2022 మేలో 4 శాతం ఉన్న రెపో రేటు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ) తొమ్మిది నెలల్లో 6.5 శాతానికి వెళ్లింది, ఎన్నో ఇళ్లలో అప్పు గడువు రిటైర్మెంట్ దాటి పోయింది. మీకు సరిపోయే అప్పు 40 లక్షలు, ఈఎంఐ 35 వేల లోపు. అంటే 60 లక్షల దగ్గర ఉండే ఫ్లాట్. కొత్తది దొరక్కపోతే పది, పదిహేనేళ్ల పాతది చూడండి. ప్రీ లాంచ్ అని చదరపు అడుగుకి తక్కువ ధర చెబితే, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా అడ్వాన్సు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. దొరికేవరకూ 22 వేల అద్దె మీకు నష్టం కాదు, 65 వేల ఈఎంఐ కంటే అదే క్షేమం. నచ్చింది దొరికితే 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), మున్సిపాలిటీ ఇచ్చిన ప్లాను, ఓసీ (నివాసానికి అనుమతి పత్రం), అసోసియేషన్ బకాయిలు లేవన్న కాగితం తీసుకోండి. బ్యాంకు లాయరు ఒపీనియన్‌తో సరిపెట్టుకోకుండా మీ తరఫున ఒక లాయరుకు చూపించి, ఆ తర్వాతే అగ్రిమెంట్ మీద సంతకం పెట్టండి.